మా ఇంటి మీద పెద్ద ఎర్ర చుక్క

మార్చి రెండో గురువారం, సాయంత్రం. అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో మేముండే కాలనీ క్లబ్‌హౌస్. హాజరైనవారు: పక్కనున్న చిన్న విమానాశ్రయం మేనేజరు, ఆయన దగ్గర, చుట్టుపక్కల జనంతో మాట్లాడి సర్దిచెప్పే ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, హాలు నిండా కాలనీవాళ్లు, అందులో సగానికి పైగా మన తెలుగువాళ్లే, మా ఆవిడ, నేను. రానివారు: మా అల్లుడు. ఆఫీస్ కాల్ ఉందన్నాడు. తెలివైనవాడు.

అక్కడ పెద్ద విమానాలు దిగవు. పైలట్ శిక్షణ స్కూలు వాళ్ల బుల్లి విమానాలు దిగినట్టే దిగి, మళ్లీ లేచి, మా కప్పుల మీదుగా చుట్టు తిరిగి వస్తాయి. పక్కింట్లో ఎవరో పొద్దస్తమానం మిక్సీ తిప్పుతున్నట్టుంటుంది.

ఇళ్లు కొనేటప్పుడు మనవాళ్లు చూడనిది లేదు. వీడియో కాల్‌లో సిద్ధాంతిగారికి గుమ్మం చూపించారు, ఈశాన్యం చూపించారు, పొయ్యి పెట్టే మూల చూపించారు. ఆయన అన్ని దిక్కులూ అడిగారు. పైన ఏముందని ఆయనా అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. గృహప్రవేశాలు తెల్లవారుజాము ముహూర్తాలు. ఆ వేళ విమానాలు లేవవు. విమానాశ్రయం పక్కనే ఉందన్న సంగతి మాకు తెలుసు అని రాసివున్న కాగితం మీద, వర్జ్యం వచ్చేస్తుందని చదవకుండానే సంతకాలు పెట్టారు.

ఆ సాయంత్రం సభకు పెట్టిన ప్రతిపాదన ఒకటే. విమానాలు కాలనీ మీద కాకుండా, కాస్త ఎడంగా, కాలువ అవతలి పొలాల మీద తిరుగుతాయి. అందుకు బదులుగా కాలనీవాళ్లు శిక్షణ విమానాలకు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే అమ్మాయి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తామని మేనేజరు ముందే చెప్పాడు. నెలాఖరుకి పాతది అయిపోతుంది.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విమానాశ్రయాల భూసేకరణ విభాగంలో పనిచేశాను. ప్రజాభిప్రాయ సేకరణ అనే పేరుతో చాలా సభలు జరిపించాను. మా పద్ధతి సులువు. ముందు అందర్నీ అరవనివ్వాలి, తర్వాత టీ ఇవ్వాలి. టీ తాగినవాడు రెండోసారి అంత గట్టిగా అరవలేడు.

అమ్మాయికి ఇదే చెప్పాను.

“నాన్నా, ప్లీజ్. ఇక్కడ అలా వర్కౌట్ అవ్వదు. ముందు డేటా చూపించాలి.”

“తినడానికేం పెడుతున్నావు?”

“కుకీస్.”

“కుకీలకి కోపం తగ్గదమ్మా. బజ్జీలైనా ఉండాలి.”

ఆమె నా వైపు చూడకుండా వెళ్లి తెర మీద మ్యాపు వేసింది. విమానాల చప్పుడు మీద ఫిర్యాదు చెయ్యడానికి విమానాశ్రయంవాళ్లు ఒక యాప్ పెట్టారు; అందులో ఫిర్యాదులు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో ఎర్ర చుక్కల్లో చూపించే మ్యాపు అది. ఎన్ని ఫిర్యాదులైతే చుక్క అంత పెద్దది. కాలనీలో అక్కడక్కడా ఆవగింజలున్నాయి. ఒక్కచోట మాత్రం గుమ్మడికాయ ఉంది.

మా వెనక వరసలోని వరంగల్ ఆయన ముందుకు వంగాడు. “గా పెద్ద చుక్క ఎవరిది అంకుల్? ఆళ్లకి దండ వెయ్యాలె.”

మేనేజరు కూడా ముచ్చటపడ్డాడు. అందరికన్నా ఎక్కువ బాధపడుతున్న ఆ కుటుంబం వచ్చి ఉంటే ముందు వాళ్ల మాటే వింటానన్నాడు. అమ్మాయి చేతిలోని పాయింటరు మా వీధి దాకా వచ్చి ఆగింది. ఆ ఇంటి పైకప్పు ఆమెకు తెలియనిది కాదు.

మా ఆవిడ లేచి నిలబడింది. “మాదేనండీ.”

“అమ్మా, కూర్చో,” అంది అమ్మాయి మెల్లిగా.

“అడుగుతున్నాడుగా, చెప్పనీ. బాధేం లేదు బాబూ. విజయనగరం పిల్ల ఒకతె ఆ స్కూల్లో నేర్చుకుంటోంది. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. ఒక్కత్తే నడపడం మొదలెట్టిందగ్గర్నుంచీ నాకు గుండె దడ. ఫోన్లో మీ యాప్‌లో ఆ ఎర్ర బటన్ నొక్కితే పైన వెళ్లేది ఏ విమానమో, కిందకి దిగిందో లేదో చెబుతుంది. అందుకని ప్రతిదానికీ నొక్కుతాను. పిల్ల దిగిందని తెలిస్తే గానీ ముద్ద దిగదు.”

హాల్లో మనవాళ్లంతా నవ్వారు. తక్కినవాళ్లు అనువాదం కోసం అమ్మాయి వైపు చూశారు. నా ఉద్యోగంలో ఇలాంటి సందర్భం వస్తే నేను “ఈమెకు శబ్దం వల్ల గుండెదడ” అని రాయించేవాణ్ని. అందులో అబద్ధం కూడా పెద్దగా ఉండదు. అమ్మాయి ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది.

మేనేజరు గుమ్మడికాయను తీసేయించి మ్యాపును మళ్లీ చూశాడు. ఆవగింజలు మిగిలాయి. ముఖం వికసించింది. సమస్య అనుకున్నంత లేదు గనుక విమానాల దారి మార్చే ఖర్చు అవసరమా అని ఆలోచిస్తామన్నాడు.

“ఆంటీ, కొంప ముంచిన్రు కదా!” అన్నాడు వరంగల్ ఆయన.

“నీకంత ఇబ్బందైతే నువ్వు నొక్కొచ్చుగా నాయనా?”

“ఆఫీసుంటది కదా ఆంటీ. అంత పెద్ద చుక్క ఎవరో పెడ్తున్నరు, ఇంగ మనకెందుకని ఊకున్నం.”

చాలామంది అదే మాట అన్నారు. ప్రతి నెలా యాప్‌లో వచ్చే, వీధుల్లేని చిన్న మ్యాపు చూసుకుని, పోరాటం బాగా జరుగుతోందని తృప్తిపడి పడుకున్నారట. ఒప్పుకోవడానికి ప్రతిపాదనే మిగలలేదు గనుక సభ ముగిసింది. కుకీలు అలాగే ఉన్నాయి.

తలుపు దగ్గర మేనేజరు అమ్మాయితో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఇంటికి నడుస్తుంటే ఆమే చెప్పింది. “కంప్లైంట్స్ లేనప్పుడు దీనికొక పొజిషన్ ఎందుకు అంటున్నాడు. ఎక్కువొస్తే నేను ఫెయిల్, తక్కువొస్తే నేను వేస్ట్.”

“నేను అబద్ధం చెప్పాల్సిందా?” అంది మా ఆవిడ.

“లేదమ్మా. బటన్ నొక్కకుండా ఉండాల్సింది.”

“మరి పిల్ల దిగిందో లేదో?”

రాత్రి ఎవరమూ సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. వరంగల్ ఆయన, ఆయన భార్య, వాళ్ల వెనక ఇంకో నాలుగిళ్లవాళ్లు చేతుల్లో ఫోన్లతో నిలబడ్డారు. “ఆంటీ, ఆ యాప్ ఎట్ల నొక్కాల్నో జర చూపెట్టుండ్రి.”

మా ఆవిడ అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. పైన మిక్సీ తిరిగినప్పుడల్లా ఒక్కొక్కరి చేతా నొక్కించింది. నేర్చుకున్నవాళ్లు వెళ్లి పక్కవీధివాళ్లను పంపారు. ఆఫీసులకు అందరూ ఆలస్యమయ్యారు.

ఉప్మా రెండో వాయి దిగుతుండగా మేనేజరు ఫోన్ చేశాడు. అమ్మాయి హాల్లో నిలబడి వింది. రెండు గంటల్లో మ్యాపంతా ఎర్రబడిందట. విమానాల దారి సోమవారం నుంచే మారుస్తాడట. ఈ జనంతో మాట్లాడే మనిషి లేకపోతే తనవల్ల కాదు, కాంట్రాక్టు కాగితాలు ఈ రోజే పంపిస్తానన్నాడట. అసలు ఒక్క రాత్రిలో వీళ్లందరికీ ఏమైందని అడిగాడు.

“కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్,” అంది అమ్మాయి.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఎవరో గట్టిగా, “ఆంటీ, నాది సబ్మిట్ అయినట్టేనా?” అని అడిగారు. అమ్మాయి ఫోన్ మీద చెయ్యి పెట్టి, కాలితో వంటింటి తలుపు మూసింది.