సారు గొంతు పోయిన నెల

శంషాబాద్‌లో హైవే దిగి, విమానాశ్రయం వైపు కాకుండా పాత ఊరి వైపు తిరిగితే, రేకుల షెడ్డులో ఒక లాండ్రీ ఉంది. చుట్టుపక్కల హోటళ్ల దుప్పట్లూ, దిండు గలీబులూ, తువ్వాళ్లూ అక్కడే ఉతుకుతారు. విమానం తప్పిపోయినవాళ్లూ, తెల్లారకముందే విమానం ఎక్కాల్సినవాళ్లూ ఒక్క పూట పడుకొని లేచిన పక్కబట్టలన్నీ మధ్యాహ్నానికి మూటలై ఆ షెడ్డుకు వస్తాయి. మిషన్లు తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట వినబడదు. ఆ చప్పుడును దాటి వినబడేది ఒక్కటే. అది యజమాని ఉదయభాస్కర్ గారి గొంతు.

ఆయనది తెనాలి. హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చెడ్డవాడని ఎవరూ అనరు. ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసే దుర్గవ్వకు మోకాళ్లు పట్టేసినప్పుడు తన కారులోనే దవాఖానకు తీసుకెళ్లారు. మోకాళ్లు పాడుచేసుకున్నందుకు దారి పొడుగునా ఆమెను తిడుతూనే ఉన్నారు.

జెరూషాకు ఆ లాండ్రీలో చేరినప్పుడు ఈ సంగతులేవీ తెలియవు. ఆమె పుట్టింది హైదరాబాద్ దగ్గరి కందుకూరు పక్క పల్లెలో. తండ్రి మత్తయ్య టమాటా పండించేవాడు, ఎడ్లను కూడా ‘రా అయ్యా, పో అయ్యా’ అని పిలిచేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి, రవి కుమార్‌ను చేసుకొని శంషాబాద్ వచ్చింది. అతను షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. లాండ్రీలో మూటలు విప్పించి, తెల్లవి ఒకవైపు, రంగువి ఒకవైపు వేయించి, ఉతికాక ఏ హోటల్‌వి ఆ హోటల్‌కు కట్టించడం జెరూషా పని. చేరిన వారంలోనే, ఒక హోటల్ గలీబులు ఇంకో హోటల్‌కు వెళ్లాయని ఉదయభాస్కర్ గారు అందరి ముందూ అరిచారు. ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చింది. అంతసేపు బాత్‌రూమ్‌లో ఏం చేస్తున్నావని ఆయన మళ్లీ అరిచారు.

ఆయన కోపాన్ని తట్టుకోవడానికి అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. దుర్గవ్వ చెవిటిదానిలా ఉండిపోయేది. వ్యాన్ నడిపే మల్లేశ్వర్ వంగి టైర్లలో గాలి చూసుకునేవాడు. జెరూషా మాత్రం తలవంచుకొని ‘సరే సార్’ అంటూ, ఆదివారం చర్చిలో పాడబోయే పాటను మనసులో ఎత్తుకునేది. మామూలు తిట్టయితే రెండో చరణానికల్లా అయిపోయేది. కోపం ఎక్కువైన రోజున పాట మళ్లీ పల్లవి నుంచి అందుకోవలసి వచ్చేది.

కొన్నేళ్లుగా ఈ పద్ధతి బాగానే పనిచేస్తోందని ఆమె అనుకుంది. ఒకరోజు సాయంత్రం కూతురు షెకీనా పాలగిన్నె ఒలకబోసింది. జెరూషా నోట్లోంచి అదాటున మాట వచ్చింది.

“బుర్ర ఉందా నీకు? అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?”

షెకీనా ఏడవలేదు. తల్లి మొహంలోకి చూసి, “అమ్మా, నువ్వెందుకు గట్ల మాట్లాడుతున్నవ్? మనింట్ల గట్ల మాట్లాడరు గదా” అంది.

అన్నం తింటున్న రవి కుమార్ తల ఎత్తకుండానే అన్నాడు. “మీ సారు ఇగ ఇంటికి గూడ వస్తుండా?”

జెరూషా ఆ పూట అన్నం ముట్టలేదు. పని మానేద్దామనుకుంది. మానేస్తే ఇంటికి ఇంత దగ్గరగా ఇంకో పని దొరకదని కూడా అనుకుంది. ఎటూ తేల్చుకోలేక, పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలో ఒక చిన్న మనవి చేర్చింది. సారు నోటికి కొంచెం విశ్రాంతి ఇవ్వమని దేవుణ్ణి అడిగింది.

కొన్నాళ్లకే ఆయన గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నారు. ఆ తర్వాత మాటకు బదులు గాలి మాత్రమే రాసాగింది. ఒకరోజు పొద్దున ఆయన భార్య కావేరి గారు వెంట వచ్చి, అందర్నీ పిలిచి నిలబెట్టారు. ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నారు.

“గొంతులో కాయల్లాంటివి లేచాయట. అరిచి అరిచి వచ్చాయన్నారు డాక్టరు గారు. నెల రోజులపాటు నోరు తెరవకూడదు, గుసగుసగా కూడా మాట్లాడకూడదన్నారు” అని చెప్పారు కావేరి గారు.

“అయ్యో. ఇంట్ల ఎట్లున్నదమ్మా మరి?” అంది దుర్గవ్వ.

“ప్రశాంతంగా ఉందండీ” అనేసి, కావేరి గారు వెంటనే పెదాలు బిగించుకున్నారు. ఉదయభాస్కర్ గారు బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టారు.

జెరూషా నేల చూపులు చూస్తూ నిలబడింది. తన మనవి మరీ ఇంత నేరుగా చేరుతుందని ఆమె అనుకోలేదు. అంతలో ఆయన ఫోన్‌లో ఏదో కొట్టి కావేరి గారికి చూపించారు.

“ఆయన చెప్పాల్సినవి ఫోన్‌లో రాస్తారట. జెరూషా చదివి అందరికీ చెప్పాలట. చర్చిలో పాడుతుంది కదా, గొంతు బాగుంటుంది అంటున్నారు.”

అలా ఆమె ఆయన గొంతయింది.

మొదటి సందేశం మల్లేశ్వర్‌కు. ఫోన్‌లో ఇలా ఉంది: ‘గాడిదా, హోటల్ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు, ఎక్కడ చచ్చావు?’ జెరూషా రెండుసార్లు చదువుకుంది. తనకంటే పెద్దవాణ్ణి అంత మాట అనడానికి నోరు రాలేదు. అలాగని మాట మింగెయ్యడానికీ మనసొప్పలేదు. తగ్గించి చెబితే అబద్ధమవుతుంది, పెంచి చెబితే పాపమవుతుంది. మిషన్ల చప్పుడులో వినబడదని మల్లేశ్వర్ చెవి దగ్గరికి వెళ్లి చెప్పింది.

“మల్లేశ్వరన్నా, సారు నిన్ను గాడిదా అంటున్నరు. హోటలోళ్లు ఫోన్లు చేసిండ్రట. యాడ సచ్చినవని అడుగుతున్నరు.”

మల్లేశ్వర్ టైర్ల వైపు చూడబోయి ఆగాడు. ఎదుట ఉన్నది జెరూషా. “ఇంకేమన్న అన్నరా?” అని అడిగాడు.

“లేదు. గంతే.”

“సచ్చుడేం లేదు చెల్లె. హిమాయత్ సాగర్ కాడ రోడ్డు తవ్విండ్రు. వారం సంది సుట్టు తిరిగొస్తున్న.”

ఆమె వెళ్లి ఆ మాట ఆయనకు చెప్పింది. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన రాశారు. మళ్లీ వచ్చి అడిగింది.

“సారు అడిగిండ్రు గని, జెప్పనియ్యలే” అన్నాడు మల్లేశ్వర్.

“మీరు చెప్పనియ్యలేదంట సార్” అని జెరూషా ఆయన గదిలోకి వెళ్లి చెప్పింది.  ఆయన, రేపట్నుంచి వ్యాన్ ఇంకాస్త ముందు బయల్దేరమను అని రాశారు. అందులో గాడిద లేదు.

రాను రాను సందేశాల్లో తిట్లు పలచబడ్డాయి. ఆయన మెత్తబడి కాదు. ఫోన్‌లో తిట్టు కొట్టడం చాలా కష్టం. అరవడానికి పట్టే ఊపిరి ఒక్కటే, కొట్టడానికి మాత్రం అక్షరం అక్షరం వెతుక్కోవాలి. పైగా ‘దద్దమ్మా’ అని కొట్టబోతే ఫోను దాన్ని ‘అమ్మా’ అని దిద్దేసేది. జెరూషా ఉన్నది ఉన్నట్టే చదివేది.

“అమ్మా, రోలర్ వేడి తగ్గించు, గలీబులు మాడుతున్నాయి అంటున్నరు.”

దుర్గవ్వ చేతిలో పని ఆపేసింది. “నన్ను అమ్మా అన్నడా?”

“ఇండ్ల గట్లనే ఉన్నది.”

దుర్గవ్వ వేడి తగ్గించింది. ఆ రోజంతా గదివైపు అనుమానంగా చూస్తూనే ఉంది.

మూడో వారంలో జెరూషా వల్లే తప్పు జరిగింది. ఒక హోటల్ మూటలో భోజనాల బల్ల మీద పరిచే కొత్త గుడ్డ, ముదురు ఎరుపుది, తువ్వాళ్ల మధ్య మడతపడి వచ్చింది. ఆమె చూసుకోకుండా తెల్లవాటిలో వేయించింది. మిషన్ ఆగి తలుపు తీసేసరికి తువ్వాళ్లన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి. చూడ్డానికి అందంగానే ఉన్నాయి. ఉదయభాస్కర్ గారు వచ్చి ఒక తువ్వాలు ఎత్తి పట్టుకొని చూశారు. నోరు తెరిచారు, మూసుకున్నారు. అక్కడే నిలబడి చాలాసేపు ఫోన్‌లో కొట్టి, దాన్ని ఆమె చేతికిచ్చి, చదవమన్నట్టు చెయ్యి ఊపారు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అందరూ చుట్టూ చేరారు.

“జెరూషాకు బుర్ర ఉందా అని అడుగుతున్నరు” అని అలవాటుగా మొదలుపెట్టి, జెరూషా ఆగింది. ఇది ఎవరి దగ్గరికో మోసుకెళ్లేది కాదు. గొంతు సవరించుకొని ఉన్నదున్నట్టు చదివింది. “జెరూషా, బుర్ర ఉందా నీకు? కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు? పసిపిల్లను పెట్టినా ఇంతకంటే చూసి వేసేది. పని చేతకాకపోతే పోయి చర్చిలో పాటలు పాడుకుంటూ కూర్చో. అక్కడ నిన్ను ఎవరూ లెక్క అడగరు.”

ఇన్నేళ్లలో ఆయన తిట్టును మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆమె వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ మనసులో పాట అడ్డం ఉండేది. తన నోటితో తనే చదువుతుంటే పాడుకోవడానికి వీల్లేకపోయింది.   ఆమె ఫోను ఆయనకు తిరిగి ఇచ్చేసింది.

“సార్, తప్పు నాదే. మళ్లా వేడినీళ్లల్ల మందు ఏసి ఉతికిస్త, రంగు పోతది. పొద్దుమూకే లోపు హోటల్‌కు పంపిస్త. గని ఆఖరి మాట అనకుండుండాల్సింది మీరు. నేను పాడేదానికీ దీనికీ ఏం సంబంధం?”

 ఆయన ఫోన్‌లో ఏదో కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి ఇచ్చారు. ఆమె చదివింది.

“ఆఖరి మాట కొట్టెయ్యమంటున్నరు.”

“అన్నంక కొట్టేసుడేంది? తప్పయిందనమను” అంది దుర్గవ్వ.

జెరూషా ఆయన వైపు తిరిగింది. “తప్పయిందనమంటుంది సార్.”

ఆయన చెవులకు ఏ జబ్బూ లేదు, దుర్గవ్వ మాట ఆయనకు ముందే వినబడింది. మొహం ఎర్రబడి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. తువ్వాళ్లు మళ్లీ మిషన్‌లో పడ్డాయి. జెరూషా దాని ముందే నిలబడింది. రేపట్నుంచి పని ఉంటుందో ఉండదో తెలియదు. అయినా ఆ పూట మనసులో పాట ఎత్తుకోవాలనిపించలేదు. అది ఆమెకే వింతగా తోచింది.

మిషన్ తిరుగుతుండగా ఆమె ఫోన్‌కు సందేశం వచ్చింది. ‘సారీ’ అని ఒక్క మాట, ఆయన దగ్గర్నుంచి. జెరూషా ఆలోచించింది. ఆయన రాసిందల్లా చదివి చెప్పడం తన పని. ఇది అందులోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు. గది తలుపు తోసి అడిగింది.

“సార్, ఇది నాకొక్కదానికేనా, అందరికీ చదవాల్నా?”

ఆయన చెయ్యి ఊపారు. పొమ్మన్నట్టూ ఉంది, కానివ్వమన్నట్టూ ఉంది. కానివ్వమన్నారనే ఆమె తీసుకుంది. షెడ్డు మధ్యలోకి వచ్చి నిలబడింది.

“సారు సారీ అంటున్నరు” అని మిషన్ చప్పుడును దాటేలా గొంతెత్తి అందరికీ చెప్పింది.

మల్లేశ్వర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. దుర్గవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకొని, “ఇగ పని చూడుండ్రి” అంది. తువ్వాళ్లు తెల్లబడి, చీకటి పడకముందే హోటల్‌కు చేరాయి.

నెల గడిచాక ఆయనకు మాట వచ్చింది, కానీ సగమే. అరవబోతే మధ్యలో ఎక్కడో తెగిపోయేది. ఆ తెగిన చోట ఆయన ఊపిరి పీల్చుకుంటుంటే అవతలివాళ్లు జవాబు చెప్పేసేవాళ్లు. నెల రోజుల్లో వాళ్లకు అది అలవాటైపోయింది. ఆయన స్వభావం మారిందని ఎవరూ అనలేదు. తలుపు విసురుగా వేసీ వేసీ ఒకసారి దాని మడతబందు ఊడదీశారు. దాన్ని బిగించడానికి వచ్చిన వడ్రంగిని కూడా తిట్టారు. వడ్రంగి కొత్తవాడు, ఆయన గొంతు సంగతి తెలియదు. నీళ్లు తాగండి సార్ అన్నాడు.

కొన్ని నెలలకు ఆయన జెరూషాను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. అంతకుముందు ఆ కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

“షాద్‌నగర్‌లో ఇంకో షెడ్డు తీసుకుంటున్నాను. ఫ్యాక్టరీల యూనిఫారాలు ఉతకడానికి. అక్కడ అంతా చూసుకోవడానికి మనిషి కావాలి. నువ్వు వెళ్తావా?”

“నేనెందుకు సార్? తువ్వాళ్లు ఖరాబ్ చేసిన గదా.”

“చేశావు. చేశానని ఒప్పుకున్నావు కూడా. మిగతావాళ్లు జవాబైతే చెబుతారు గానీ, తమ తప్పు మాత్రం నాకు భయపడి దాస్తారు. అక్కడ జరిగేది నాకు తెలియాలి కదమ్మా.” ఆయన దగ్గి, నీళ్లు తాగారు. “చెప్పు, ఆలస్యం చెయ్యకు.”

ఇంట్లో అడిగి చెబుతానంది. ఆ సాయంత్రం రవి కుమార్ సంగతంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“సారు ఆడికి రోజు వస్తడా?”

“వారానికోపాలి వస్తడంట.”

“అయితే ఒప్పుకో.”

ఆమె ఒప్పుకుంది. ఇప్పుడు పొద్దున్నే భర్తతో కలిసి షాద్‌నగర్ బస్సెక్కుతుంది. కొత్త షెడ్డులో ఆమె కింద పనిచేసేవాళ్లు ఆమెను అక్కా అంటారు. చాలా మంచి అక్క అనేమీ అనరు. మరకలు చూడకుండా బట్టలు మిషన్‌లో వేస్తే ఊరుకోదని చెప్పుకుంటారు. పదింటికి ఉదయభాస్కర్ గారు ఫోన్ చేస్తారు. మొదట మామూలుగానే మాట్లాడతారు. గొంతు లేవడం మొదలుకాగానే జెరూషా ఫోనును చెవికి దూరంగా పట్టుకొని, ఆ చేత్తోనే యూనిఫారాల వైపు చూపిస్తూ, ఏవి ముందు వేయాలో పనివాళ్లకు చెబుతుంది. అవతల గొంతు తెగగానే ఫోను మళ్లీ చెవికి ఆనించుకుంటుంది.

“అయిపోయిందా సార్? ఇగ నేను జెప్త, వినుండ్రి” అంటుంది.

ఆయన వింటారు.