ఆకుపచ్చ రిబ్బను ఉన్న సినిమా

ఆ సినిమా నేను చూడలేదు. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో ‘ఈ రోజు హిందూపురంలో సినిమా చూశాను, చాలా బాగుంది’ అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. (డైరీ అంటే అట్ట ఉన్న పుస్తకం అనుకునేరు. మా నాయన పెనుకొండలో బడి అయ్యవారు. పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలను నేను సూదీదారంతో కుట్టుకున్న కట్ట అది.) ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాసుకునేంత సిగ్గు నాది. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే వంటింట్లో తలుపు వెనక్కి చేరేదాన్ని. వాళ్ళు వెళ్ళాక అమ్మ “పోయినార్లే, ఇంక రా” అని పిలిచేది. నేను కాసేపు ఆగి, నిజంగానే పోయారో లేదో చూసుకుని వచ్చేదాన్ని.

ఆ రోజుల్లో సినిమా చూడటం ఒకరి వంతు, వినడం వీధి అందరి వంతు. చూసొచ్చినవాళ్ళు కనీసం వారం రోజులు కథ చెప్పాలి, తప్పదు. పాటలతో, ఏడుపులతో, కత్తియుద్ధాలతో సహా చెప్పాలి. ధర్మవరంలో మా పెదనాయన వాళ్ళ సాలెవీధిలో అయితే మరీను. పట్టుదారం చుట్టే ఆడవాళ్ళకు చేతులకే పని, చెవులు ఖాళీ. కథ లేని మధ్యాహ్నం వాళ్ళకు ఉప్పులేని సంగటి.

నాకు పదహారేళ్ళప్పుడు హిందూపురంలో చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. ఊళ్ళో అప్పుడు ఒక కొత్త సినిమా ఆడుతోంది. గోడల మీద దాని బొమ్మ: ఒక తండ్రి తుపాకి పట్టుకుని నిలబడి ఉంటాడు, వెనక మబ్బుల్లో చనిపోయిన కూతురి ముఖం. చిన్నమ్మ మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్ళింది. పాటల పుస్తకం కొనిచ్చి, టికెట్టు నా చేతిలో పెట్టి, తోపులాటలో తను ముందు వెళ్ళిపోయింది. వాకిట్లో టికెట్టు చించే మనిషి నన్ను చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “నీతో వచ్చినోళ్ళు యాడమ్మా?” అంతే. జవాబు తెలుసు, నోరు పెగల్లేదు. నేను వెనక్కి తిరిగి, పక్కసందులోకి నడిచి, సినిమాహాలు గోడకు ఆనుకుని ఉన్న ఒక రాతిబండ మీద కూర్చున్నాను.

మూడు గంటలు అక్కడే ఉన్నాను. ఎక్కడో మండీ నుంచి చింతపండు వాసన పుల్లగా వస్తోంది. గోడ అవతల గుర్రాలు పరిగెత్తాయి, వాన కురిసింది, ఎవరో ఏడ్చారు, తుపాకి పేలింది. ఇవతల ఎండ మెల్లగా బండ మీదినుంచి నా కాళ్ళ మీదికి, కాళ్ళ మీదినుంచి ఎదురుగోడ మీదికి జరిగింది. కళ్ళు మూసుకుంటే ఆ వాన నా మీదే కురుస్తున్నట్టుండేది. పాటల పుస్తకంలోని కథాసంగ్రహం నాలుగుసార్లు చదివాను. ముగ్గురు దుర్మార్గుల వల్ల ఒక్కగానొక్క కూతురు చనిపోతుంది. తండ్రి తుపాకి పడతాడు. ఇద్దర్ని చంపుతాడు. మూడోవాడి ఇంటి తలుపు తడతాడు. అక్కడితో ఆ పుస్తకం తెలివిగా ఆగిపోయింది. ఆ తలుపు తెరుచుకుందా, తండ్రి పగ చల్లారిందా, మిగతాది తెరమీద చూడండి అంది. నాకూ తెరకూ మధ్య ఒక గోడ ఉంది.

ఆట వదిలాక చిన్నమ్మ “యాడ కూర్చుంటివే?” అంది. “వెనకాల” అన్నాను. (గోడ వెనకాల. అబద్ధమేం కాదు.) “అయ్యో, స్తంభం అడ్డమొచ్చింటుందే!” అని జాలిపడి బొరుగులు కొనిచ్చింది. దారంతా ఆమె మాట్లాడింది ఒక్కటే, హీరోయిన్ ముక్కుపుడక గురించి. ఆఖర్న ఏమైందని అడగలేను కదా, నేనూ చూసినదాన్నే!

రెండు రోజుల తర్వాత నాయన నన్ను ధర్మవరం తీసుకెళ్ళి పెదనాయన ఇంట్లో వదిలాడు. పెద్దమ్మే అడిగింది, ఇంట్లో ఒక ఆడపిల్ల మసలితే బాగుంటుందని. ఎనిమిది నెలల కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దదైన మా అక్క, జ్వరంతో పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్దామని జట్కా కోసం కబురు చేస్తే, జట్కా ఆయన గుర్రానికి నీళ్ళు పెట్టి వచ్చేసరికి ఆలస్యమైందట. ఆలస్యం కాకపోయినా బతికేది కాదని డాక్టరే చెప్పాడు. పెదనాయన వినలేదు. ఆ రోజునుంచి మగ్గం మీద సగం నేసిన చీర సగంలోనే ఉండేది. పొద్దు వాలేసరికి కర్ర తీసుకుని స్టేషన్ దారిలో జట్కాల దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. ఆయన కనబడగానే ఆ జట్కా ఆయన బండి మళ్ళించేవాడు. “వాణ్ని నేను ఇడ్సిపెట్టను” అంటూ తిరిగి వచ్చేవాడు పెదనాయన. ఒక రోజు కాకపోతే ఒక రోజు ఆ కర్ర లేస్తుందని పెద్దమ్మ భయం.

ఆ పెద్దమ్మే, ఏ సినిమానో తెలియక, “ఏమ్మే, సినిమా చూసొస్తివంట కదా! చెప్పుమ్మే. ఈ ఇంట్లో మనిషి మాట విని ఎన్నాళ్ళాయనో” అంది. మధ్యాహ్నం పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు రాట్నాలతో దిగారు. నా చేతిలోంచి పాటల పుస్తకం లాక్కుని అట్టమీద బొమ్మ చూసి “అబ్బా, తుపాకి!” అని మురిసిపోయారు. నేను వాళ్ళ ముఖాలు చూడకుండా, తిరిగే దారాన్ని చూస్తూ మొదలుపెట్టాను. “ఒక నాయనకు ఒకే ఒక కూతురు…” పెద్దమ్మ చేతిలో రాట్నం ఆగింది. అప్పుడు తెలిసింది నాకు, ఏ ఇంట్లో ఏ కథ ఎత్తుకున్నానో. వెంటనే ఏదైనా దేవుడి సినిమాలోకి దూకేద్దామనుకున్నాను. కానీ తుపాకి బొమ్మ వాళ్ళ చేతుల్లో ఉంది.

కథ నడిచింది. ఒకడు చచ్చాడు. రెండోవాడు చచ్చాడు. “అట్ల కొట్టల్ల నాకొడుకుల్ని!” అంది ఒకామె. లోపల మగ్గం గదిలోంచి పెదనాయన వచ్చి గడప మీద కూర్చున్నాడు. పక్కన కర్ర. ఎనిమిది నెలల్లో ఆయన ఎవరి మాటా అంత శ్రద్ధగా వినలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. ఆయన వేళ్ళు కర్రను సవరిస్తున్నాయి. తండ్రి మూడోవాడి ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. నా పుస్తకం అయిపోయింది.

“తలుపు ఎవురు తీసిరి?” అన్నాడు పెదనాయన.

నేను కళ్ళు మూసుకున్నాను. గోడ అవతలి వాన మళ్ళీ వినబడింది. “ఒక పాప తీసింది పెదనాయనా. వాడి కూతురు. జడ వేసుకుంటా వచ్చింది. రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని ఉండె.”

“మళ్ళేమాయె?”

“‘మా నాయన ఇంట్లో లేడు, ఎండన పడి వస్తిరి, కూర్చోండి’ అని చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగినాడు.”

“తుపాకి ఏమాయె?” అంది పక్కింటామె, ఆత్రంగా.

“గూట్లో పెట్టినాడు.”

“గూట్లోనా!”

“మూడోవాడు వచ్చినాడు. ఈయన్ను చూసి వణికిపోయినాడు. ఆ పాప ‘నాయనా, చుట్టాలొచ్చినారు’ అనె. ఈయన ఏమీ అనలే. ఇద్దరూ…” నాకింకేమీ తోచలేదు. “ఇద్దరూ అన్నం తినిరి.”

రాట్నాలన్నీ ఆగిపోయాయి. “ఇదేం ఫైటింగమ్మే! అన్నంలోకి కూరేమో అదీ చెప్పు!” అని ఒకామె, “దీనికా జనం ఎగబడి చూస్తాండేది?” అని ఇంకొకామె పొట్ట పట్టుకుని నవ్వారు. నేను సిగ్గుతో నేలలోకి కుంగిపోయాను. పెదనాయన ఒక్కడే నవ్వలేదు. వాళ్ళ నవ్వులు ఆగాక అడిగాడు.

“రిబ్బను ఏం రంగు పాపా?”

“ఆకుపచ్చ” అన్నాను, ఆలోచించకుండా. ఆయన లేచి మగ్గం గదిలోకి వెళ్ళాడు. ఆ రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది నాకు: ఆ సినిమాలో రంగుల్లేవు. ఆ రోజుల్లో మా ఊళ్ళకొచ్చే సినిమాలన్నీ నలుపూ తెలుపే. మరి ఆ ఆకుపచ్చ ఎక్కడిది? ఆకుపచ్చ రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని జడ వేసుకునేది మా అక్క.

మరునాడు పొద్దు వాలాక పెదనాయన మళ్ళీ బయల్దేరాడు. “వెంబడి పోమ్మే, నాకు గుండె దడగా ఉండాది” అని పెద్దమ్మ నన్ను పంపింది. (కర్ర పట్టిన మనిషిని ఆపడానికి నన్ను! టికెట్టు చించే మనిషికే జవాబు చెప్పలేనిదాన్ని!) సగం దారిలో చూసుకున్నాను, ఆయన చేతిలో కర్ర లేదు. జట్కా ఆయన ఆ రోజు గుర్రాన్ని విప్పి ఉన్నాడు, మళ్ళించడానికి బండి లేదు. గుర్రం మెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పెదనాయన దగ్గరికి వెళ్ళి, కాసేపు గుర్రాన్ని చూసి, “ఏమప్పా, నీళ్ళు పెడితివా దీనికి?” అన్నాడు. జట్కా ఆయన తలూపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. “అయితే కట్టు. పాప నడిచొచ్చి అలిసిపోయింది, ఇంటికి పోదాం” అన్నాడు పెదనాయన. వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తుండగా మేము జట్కాలో ఇంటికి వచ్చాం. మరుసటి వారం నేను పెనుకొండ వచ్చేటప్పటికి మగ్గం ఆడుతోంది.

ఏడాది తిరిగాక పెదనాయన చీరలిచ్చి రావడానికి హిందూపురం వెళ్ళి, తిరుగుదారిలో మా ఇంట్లో ఒక పూట ఆగాడు. రైలెక్కించడానికి నేనూ నాయనా స్టేషనుకు వెళ్ళాం. నాయన నీళ్ళకోసం అవతలికి వెళ్ళగానే పెదనాయన కిటికీలోంచి మెల్లగా “ఆ సినిమా మళ్ళీ వచ్చిండాది. చూస్తి” అన్నాడు. “తలుపు ఎవురూ తీయలేదు పాపా. ఆ నాయనే కాలితో తన్నె. ఇంక డమడమా డమడమా, ఇల్లంతా తగలబడిపాయె. పాపా లేదు, చెంబూ లేదు” అని చెప్తుంటే ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది. నేను తల దించుకున్నాను. రైలు కూత వేసింది.

ఇప్పుడు ఆ డైరీకట్ట తీసి ‘చాలా బాగుంది’ అన్న గుండ్రటి అక్షరాలు చూస్తే నవ్వొస్తుంది. దాని కింద నిజం రాద్దామని రెండుమూడుసార్లు కలం కూడా తీశాను. రాయలేదు. ఎందుకంటే ఆ తర్వాతి శ్రావణానికి పెదనాయన లేడు. ఆ రోజు కదులుతున్న రైలు కిటికీలోంచి ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

“ఎవురికీ చెప్పొద్దులే పాపా. నువ్వు చూసిన సినిమానే బాగుండాది.”