సాంచెల క్యాసెట్

పోయిన నెల ఒక పొద్దున సిరిసిల్ల నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు కొడుకా." చుట్టాలకు చెబుతుంటే ఒకాయన అడిగాడు: "ఎవరు, గా చప్పుళ్లాయననా?" ఒళ్లు మండింది.

మా అమ్మ తమ్ముడాయన. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి బతికాడు. తెలంగాణ ఉద్యమం ఊరూరా పాటలై తిరుగుతున్న రోజుల్లో ఒక క్యాసెట్ చేశాడు. అందులో ఒక్క మాట లేదు. షెడ్డులో టేప్‌రికార్డర్ పెట్టి సాంచెల చప్పుడు పట్టాడు. పాత కీబోర్డు కొని ఆ లయకు మిషను దరువు కలిపాడు. "పాటకు నోరే ఉండాల్నారా? మన చేతులు మాట్లాడ్తలేవా?" అనేవాడు. అలాంటిదాన్ని టెక్నో అంటారని చాలా ఏళ్లకు ఫోన్లో అలాంటి సంగీతమే వింటే తెలిసింది. చెబితే, "పేరు మంచిగనే ఉంది" అన్నాడు.

అమ్మకానికి పెట్టిన క్యాసెట్లన్నీ జగిత్యాల దుకాణాయన వాపసు ఇచ్చేశాడు. "పాటల మీద సాంచెల చప్పుడు పడ్డదే, మల్ల రికార్డు చేసుకరా" అన్నాడట. పొద్దంతా ఆ మోతలో బతికే సిరిసిల్లవాళ్లూ అదే అన్నారు. వాళ్లను తిట్టుకుందామంటే నాకు ముఖం లేదు.

కోరుట్లలో ఉద్యమ సభ జరిగిన రోజు మైకుసెట్ నా చేతిలో ఉండేది. మామ బతిమాలాడు: "ఒక్కసారి మొత్తం ఇనిపియ్‌రా. నచ్చకుంటే మల్ల అడగ." పెట్టాను. రెండు నిమిషాలకే జనం "మైకు ఖరాబైంది" అని గోల చేశారు. సిగ్గేసింది. ఆపేసి, మైకులో క్షమాపణ కూడా చెప్పాను. మామ వచ్చి క్యాసెట్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. బస్టాండులో "చాయ్ తాగుతవా?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఏ క్యాసెట్టూ చేయలేదు. తెలంగాణ వచ్చాక పాడినవాళ్లకు శాలువాలు కప్పారు. ఈయన పేరు ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

దినాలయ్యాక అత్తమ్మ ఆ క్యాసెట్ తీసింది. ఇద్దరం కూర్చుని విన్నాం. మూడో నిమిషంలో సాంచెలు ఒక్కొక్కటే ఆగి ఒక్కటి మిగిలింది. దాని మీద డప్పు పడింది. ఆ డప్పు విని ఉంటే కోరుట్ల జనం కూర్చునేవాళ్లు కాదు. ఆ రోజు నేనే ఇంకొక్క నిమిషం ఆగలేకపోయాను.

డప్పు వెనక ఎవరివో అడుగులు దబదబ వినిపించాయి. ఎవరని అడిగాను.

"గది మీ మామనే. రికార్డయితుందని మర్సి ఎగిరిండు," అంది అత్తమ్మ.

టేపు అయిపోయేదాకా ఆ చిందు అడుగులు ఆగలేదు.