నూకరాజు మేస్టారు ఒప్పుకున్న తప్పు

మా హాస్టల్ వంటగదిలో పొద్దున్నే ఉలవలు ఉడుకుతుంటే ఆ మట్టివాసన మెట్లెక్కి నా గదిదాకా వస్తుంది. విజయనగరంలో ఆటలాడే ఆడపిల్లలుండే హాస్టల్ ఇది. వాళ్ళు ఏ పూట ఏం తినాలో రాసిపెట్టి, దగ్గరుండి తినిపించడం నా ఉద్యోగం. తలుపు మీద ఆహార నిపుణురాలు అని బోర్డు కూడా వేలాడుతోంది. ఇన్నేళ్ళుగా ఆ వాసనను పట్టించుకున్నదే లేదు. ఈమధ్య మాత్రం అది రాగానే చేతిలో కలం ఆగిపోతోంది. నాకు కాలేజీ పట్టా ఇచ్చింది, నిజమే. కానీ మనిషి కంచంలోకి ఎలా చూడాలో నేర్పింది నూకరాజు మేస్టారు. ఆయన పోయిన నెలలో కన్నుమూశారు.

మేస్టారిది కళింగపట్నం. చేపలు పట్టే కుటుంబం. కుర్రతనంలో బరువులెత్తి పతకాలు తెచ్చుకున్న మనిషి. మా గజపతినగరంలో, వర్తకుల వీధివాళ్ళు వాడుకోమని ఇచ్చిన ఒక పాత గోదాంలో ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పేవారు. ఎంత ఎత్తావని ఏనాడూ ముందు అడిగేవారు కాదు. లోపలికి అడుగుపెట్టగానే "పొద్దున్న ఏటి తిన్నావు?" అనేవారు. అబద్ధం చెబితే మొదటి పట్టులోనే దొరికిపోయేవాళ్ళం. "బరువు సేతులెత్తవే, పొద్దున్న తిన్న కూడెత్తుతాది" అనేవారు, కోపంగా కాదు, జాలిగా.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. భోజనాల వేళకి చెప్పాపెట్టకుండా పిల్లల ఇళ్ళకి వచ్చి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూసేవారు. నా జతగత్తె గౌరి ఇంటికి అలా వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కూరలో ఉన్న గుడ్లు గౌరి నాన్నకి, అన్నకి పెట్టేసి, గౌరికి వాళ్ళమ్మ ఉత్త పులుసు పోసింది.

"ఈ పిల్లకేదమ్మా?" అన్నారు మేస్టారు.

"ఆడపిల్ల కదా మేస్టారూ, పులుసు సాల్దేటి?"

"బరువెత్తీది ఎవులు, నీ కొడుకా? పోనీ నువ్వే పులుసు తాగి రేపొచ్చి ఎత్తు. నాను సూస్తాను."

గౌరి నాన్న పకపకా నవ్వి, తన కంచంలోని గుడ్డు తీసి కూతురి కంచంలో వేశాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల కంచంలో ముందుగా కూర పడటం ఆ రోజు నుంచే మొదలైంది.

మా ఇంట్లో మాత్రం ఆయన గిన్నె మూత ముట్టలేదు. మాది కిరాణా కొట్టు. తరతరాలుగా శాకాహారం, గుడ్డు కూడా గడప దాటి రాదు. నన్ను పంపడానికి నాన్న ఒకే ఒక్క షరతు పెట్టారు, గుడ్డూ నీచూ మా పిల్లకి తగలకూడదని. మేస్టారు మాటిచ్చారు. ఇచ్చి, నా కోసం వేరే తిండి ఆలోచించారు. పొద్దున్న నానబెట్టిన శనగలు, రాగిపిండితో కాచిన చోడి అంబలిలో గట్టి మజ్జిగ, మధ్యాహ్నం అన్నంకంటే పప్పు ఎక్కువ, సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు. ఆ గుగ్గిళ్ళ కోసం కొత్త కుండ కొని గోదాంలో విడిగా పెట్టారు. వారానికోసారి మా అరుగు మీద కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ అమ్మని అడిగి అన్నీ తెలుసుకునేవారు. "పెరుగు తోడు పెట్టేటప్పుడు ఈ పిల్లకని ఇంకో గిన్నె తోడెట్టమ్మా" అని చెప్పి వెళ్ళేవారు. ఆ తిండితో నేను బాగానే ఎత్తుతున్నాను. బాగానే, కానీ గౌరి అంత కాదు.

జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. గౌరి వారం వారం ముందుకు పోతోంది, నేను ఉన్నచోటే ఉన్నాను. మేస్టారిని అడిగితే "నీ ఒళ్ళు నెమ్మది మీద వస్తాది. తొందరపడకు" అన్నారు. నేను తొందరపడ్డాను. గౌరి ఇంట్లో ఉడకబెట్టిన గుడ్డు అడిగి తిన్నాను. మొదటిసారి ముక్కు మూసుకుని మింగాను. రెండోసారి ఆ అవసరం రాలేదు. తరవాత అలవాటైపోయింది. ఒకరోజు తినడానికి వేళ లేక, ఒక గుడ్డు చేతిరుమాలులో చుట్టి పుస్తకాల సంచిలో వేసుకున్నాను. అమ్మ ఆ సంచి దులిపింది.

ఆ సాయంత్రం నాన్న గోదాంకి వచ్చారు. అరచేతిలో గుడ్డు. పిల్లలందరూ ఎక్కడి బరువులు అక్కడ దింపేశారు.

"మేస్టారూ, ఇదేటండీ? మీరు మాటిచ్చారు కదా."

మేస్టారు గుడ్డు వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. ఆయనకి అంతా అర్థమైపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. నేను తల వంచుకుని పట్టు జారకుండా అరచేతులకి రాసుకున్న సుద్దపొడి రుద్దుకుంటున్నాను. గౌరి ఏదో చెప్పబోతే ఆయన "నువ్వూరుకో" అన్నారు.

"నానే పెట్టేను బాబూ," అన్నారు. "పిల్ల ఎనకబడిపోతందని ఆశపడిపోయినాను. దానికేటీ తెల్దు, దాన్నేటీ అనకండి."

"నమ్మి పంపించామండీ," అన్నారు నాన్న. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశారు.

నాన్న కొడతారని భయపడి నోరు మూసుకోలేదు. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నాన్న మేస్టారిని చూసిన ఆ చూపు నా మీదికి తిరక్కూడదు, అంతే నాకు కావలసింది. పిరికిదాన్ని. ఆ వారంలోనే మా వర్తకుల వీధివాళ్ళు గోదాంకి తాళం వేశారు. ఎంపికలకి ఎవరూ వెళ్ళలేదు. గౌరి ఆ తరవాత బరువు ముట్టలేదు, నాతో మాట్లాడనూ లేదు. కానీ మేస్టారు ఊరుకోమన్నారని, నిజం మాత్రం ఎక్కడా చెప్పలేదు. మేస్టారు తన భార్య ఎర్రమ్మగారితో కళింగపట్నం వెళ్ళిపోయి చేపలు ఎండబెట్టే పనిలో పడ్డారు.

ఈ ఉద్యోగం వచ్చాక ఒకసారి వెళ్ళి చూశాను. నిజం చెప్పెయ్యాలనే బయల్దేరాను. ఆయన నన్ను చూసి ఎంత సంతోషపడ్డారని! కాసేపైనా ఊరుకోకుండా మా హాస్టల్ పిల్లల సంగతే అడిగారు. "పరీక్షలప్పుడు తినరు, సూసుకో. నెలసరి వచ్చిందని సెప్పుకోలేక పస్తుండిపోతారు, అదీ సూసుకో." నా చదువులో అవేవీ ఆయన చెప్పినంత తిన్నగా ఎవరూ చెప్పలేదు. ఇంతలో ఎర్రమ్మగారు టీ తెచ్చి, "ఈ పిల్లకేనా గుడ్డెట్టీసి మన బతుకు ఈదిలో పడేసినావు?" అన్నారు ఆయనతో. మేస్టారు నవ్వి "ఒగ్గీయే, పాత మాట" అన్నారు. చెప్పాల్సిన క్షణం అదే. నేను టీ తాగి, దణ్ణం పెట్టి, బస్సెక్కేశాను.

పోయిన నెల పెద్దకర్మకి వెళ్ళాను. భోజనాలయ్యాక ఎర్రమ్మగారు పెరట్లో ఒక్కరే కూర్చుంటే పక్కన కూలబడి చెప్పేశాను. "అమ్మా, ఆ గుడ్డు మేస్టారు పెట్టలేదు. నేనే దొంగతనంగా తిన్నాను. నన్ను కాపాడ్డానికి ఆయన మీద వేసుకున్నారు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును అనుకున్నాను.

"నాతో కూడా సెప్పనేదు," అన్నారు. "కంచం ముందర కూకున్నప్పుడల్లా అనీదాన్నమ్మా. ఊళ్ళోవోళ్ళ పిల్ల నోట్లో గుడ్డెట్టి, మా నోట్లో మట్టి కొట్టీసినావని. ఒక్క పూట ఒగ్గనేదు. సగం కూడు అలాగే ఉంచీసి, సెయ్యి కడుక్కుని లెగిసిపోయీవోడు. ఇన్నేళ్ళూ అంతే."

మా అందరి కంచాల్లోకీ తొంగిచూసిన మనిషి సగం అన్నం మీద లేచిపోయారు, ఒక్క రోజు కాదు, ఏళ్ళ తరబడి. నేను నోరు విప్పి ఉంటే కడుపునిండా తినేవారు. దీనికి ఏడ్చాను, ఇంకా ఏడుస్తున్నాను, ఏడ్చి తీర్చుకునేది కాదని తెలుసు. వచ్చిన మర్నాడే హాస్టల్లో ఒక కట్టుబాటు పెట్టాను. అన్నం ముందు కూర్చున్న పిల్లని ఎవరూ ఏమీ అనకూడదు. ఎంత తప్పు చేసినా సరే, ఓడిపోయి వచ్చినా సరే, తిని లేచాకే. కోచ్‌లకి ఇది నచ్చలేదు. ఎందుకని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్ళకీ ఆ గుడ్డు సంగతంతా, నా పేరు దాచుకోకుండా, చెబుతున్నాను.