ఆరో ఆకు

“పోరీ, నేనీడున్ననని ఎవ్వలకు చెప్పకు.”

“చెప్ప మామా.”

మా మేనమామకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు అవే. ఆయన అటక మీద, నేను నిచ్చెన కింద. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

ఇవాళ పెత్రమాస, చచ్చిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఇక్కడ దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లో నేను వంట చేసే ఇంటి వెనక గదిలో కూర్చుంటే, ఎవరింట్లోనో గారెలు కాలుతున్న వాసన కిటికీలోంచి వచ్చింది. మా చెల్లెలి కొడుకు శీను అల్ సద్‌లో డ్యూటీ చేస్తాడు, సెలవని నన్ను చూడొచ్చాడు. మన దేశంలో శిక్షల చట్టం మార్చి రాశారని ఫోన్‌లో చదివి చెప్పాడు.

“పారిపోయినోణ్ణి ఇంట్ల దాసుకుంటే ఇప్పుడు గూడ కేసేనా, కొడుకా?”

“కేసే పెద్దమ్మా. మొగుణ్ణి పెండ్లాం దాస్తే మాత్రం తప్పుగాదట.”

“తమ్ముణ్ణి అక్క దాస్తే?”

వాడు పైకీ కిందికీ వెతికాడు. “అది లేదు పెద్దమ్మా.”

అందుకే ఇదంతా వాణ్ణి రాయమన్నాను. నాకు సంతకం తప్ప రాదు.

ఆ రోజుల్లో పెత్రమాస వచ్చేసరికి వానలు వెనకబట్టి, చెలకల గట్లంతా తంగేడు పసుపు, గునుగు తెలుపు అయ్యేవి. పొద్దుటినుంచి మా అమ్మ రోట్లో మినప్పప్పు రుబ్బుతుంటే, నేనూ చెల్లీ గడపలో కూర్చుని మోదుగాకులకు పుల్లలు గుచ్చి విస్తళ్లు కుట్టేవాళ్లం, వేళ్లకు ఆకు పసరు అంటుకుని సాయంత్రం బతుకమ్మ ఆడేదాకా వాసనొచ్చేది. మా ఇంట్లో ఆకులు వేసే పని నాదే. ఆ ఏడు తొమ్మిది రోజులుగా ఒకటి ఎక్కువ వేస్తున్నాను. మా ఎద్దును గుంజుకుపోతున్న దొర గుమస్తా చెయ్యి విరగ్గొట్టి, మామ మా అటక ఎక్కాడు.

పెత్రమాసనాడు మేం తినబోయే వేళకు పోలీసు జవాను వచ్చాడు. ఆ పూట గడపలోకొచ్చినవాణ్ణి తినకుండా పంపరు. అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. నన్ను ఆకులు వెయ్యమంది. నాయిన, అమ్మ, చెల్లి, నేను, జవాను. ఐదు వెయ్యాలి. అలవాటైన చెయ్యి ఆరు వేసింది.

“గారెల్ల అల్లం మంచిగ దంచినవు చెల్లె,” అన్నాడు జవాను నములుతూ. తర్వాత పంక్తి చివరికి చూశాడు. “ఆ ఆకు ఎవ్వలకు?”

“సచ్చిపోయిన మా నాయినకు,” అంది అమ్మ.

పైన పెంకుల మీద పొద్దున పెట్టిన ఆకు దగ్గర కాకులు కొట్టుకుంటున్నాయి. జవానుదీ మా దిక్కే, ఆయన తల్లీ పెత్రమాస చేసేదే.

“సచ్చినోళ్లకు ఇంటిమీద పెడ్తరు గద చెల్లె. పంక్తిల ఏస్తరా?”

అటక చెక్క కిర్రుమంది. మామ తనే దిగాడు.

“అక్కనేమనకుండ్రి. ఆమెకేం ఎర్కలేదు.”

జవాను వినలేదు. దాచినందుకు అమ్మనూ తీసుకుపోయాడు. నిచ్చెన పక్కనే నిలబడ్డ నావైపు మామ చూడను కూడా లేదు, చూస్తే నా మీదికీ వస్తుందనుకున్నాడో, కోపమొచ్చిందో, ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ పదకొండు రోజులకు తిరిగొచ్చింది. మామ రాలేదు. జైల్లో జ్వరమొచ్చి పోయాడని కబురొచ్చింది, శవం కూడా ఇవ్వలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి పెత్రమాసకు మాత్రం ఇంటిమీద రెండాకులు పెట్టింది, రెండోది నా చేతికిచ్చి నన్నే నిచ్చెన ఎక్కమంది.

నేను ఎవరికీ చెప్పలేదు మామా. నోటితో చెప్పలేదు.

ఇప్పుడు ఆ పెంకుల ఇల్లు లేదు, అమ్మ లేదు, నన్ను కట్టుకున్నవాడూ లేడు. ఇక్కడ మోదుగాకు దొరకదు. కిటికీ బయట ఏసీ డబ్బా మీద కాగితం పళ్లెంలో రెండు గారెలు పెట్టాను. వేడికి గట్టిపడుతున్నాయి, ఏ పిట్టా రాలేదు.

ఇగ సదువు కొడుకా, మొదటికెల్లి. ‘చెప్ప మామా’ అన్నకాడ జర మెల్లగ సదువు.