ఎవరి దేవుడూ కాని పటం

నేను రిటైరైన రోజు మా సెక్షన్ వాళ్ళు ఒక పెద్ద పటం ఇచ్చారు. కంచన్‌బాగ్‌లో లోహాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగానికి చాలా ఏళ్ళు ఇన్‌ఛార్జిగా ఉన్నాను. ఇంటికి తెచ్చి పైకాగితం చింపి చూస్తే నాకేమీ అర్థం కాలేదు. మేఘాల మీద సింహాసనం, దానిమీద లావుపాటి తెల్లావిడ. ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో త్రాసు. పక్కన సింహం. రెక్కలున్న పిల్లలు పైనుంచి కిరీటం దింపుతున్నారు. ఆవిడ కుడికాలు మాత్రం చేతులు కట్టేసిన ఒక మనిషి వీపు మీద ఉంది.

మా అత్తగారు సింహాన్ని చూసి అమ్మవారే అనుకుని, అద్దం మీద కుంకుమబొట్టు పెట్టేశారు. అమ్మవారు కాదన్నాను. మరి ఎవరే అని అడిగితే, కనుక్కుని చెబుతానన్నాను. బొట్టు అలాగే ఉండిపోయింది.

ఫోన్‌లో వెతికాను. ఐరోపాలో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి బరోక్ పద్ధతి చిత్రమట. అందులో ఉన్నవాళ్ళు మనుషులు కారట, గుణాలట. దండం అధికారం, త్రాసు న్యాయం, సింహం బలం, కాలి కింద పడి ఉన్నవాడు తిరుగుబాటు. చదివాక ఉన్న కాస్త బుర్రా తిరిగింది. నాది దురుసు నోరని నాకు తెలుసు. కొలత తప్పిన కడ్డీని పాస్ చేయమంటే పైవాళ్ళనీ వదల్లేదు, కిందవాళ్ళనీ వదల్లేదు. మరి ఈ పటం మర్యాదా, వెక్కిరింపా? వాళ్ళతో గడిపిన ఉద్యోగాన్ని ఇకమీదట ఎలా తలుచుకోవాలో ఆ ఒక్క జవాబు మీదే ఉందనిపించి, అన్నం సయించలేదు.

పటం కొన్నది మా సీనియర్ మెకానిక్. మొఘల్‌పురాలో ఉంటాడు. నేను ఆఫీసులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఒకరోజు వచ్చాడు. పటం చూపించి అడిగేశాను.

అతను బొట్టు చూసి కాసేపు తికమకపడ్డాడు. తర్వాత సంగతి చెప్పాడు. మా సెక్షన్‌లో ఎవరు రిటైరైనా వాళ్ళ దేవుడి పటమో, మక్కా పటమో, ఏసు పటమో ఇవ్వడం అలవాటు. నా దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చిందట. ఆయుధపూజ ప్రసాదమైనా, దర్గాలో ఉర్సు పండగ మిఠాయి అయినా, క్రిస్మస్ కేకైనా ఒకేలా తిని వెళ్ళిపోయేదాన్ని కాబట్టి, నా దేవుడెవరో ఎవరికీ తెలియలేదు. అందుకని అఫ్జల్‌గంజ్‌లో ఫ్రేముల దుకాణానికి పోయి, ఎవరి దేవుడూ కాని పటం ఇమ్మని అడిగారట.

“మరి ఆ కాలి కింద ఉన్నదెవరు?” అన్నాను.

“మేమే గద మేడమ్,” అన్నాడు దాచకుండా. “మీకు మస్తు భయపడ్డం. గని కోర్టుల బొమ్మకు కండ్లకు గంతలు ఉంటయి, గీమెకు లేవు. మీరు తిట్టినా మొకం జూసే తిట్టిండ్రు. గందుకే గిది తీసుకున్న.”

సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి. అప్పుడు గమనించాను, వచ్చినప్పటి నుంచీ అతను నిలబడే ఉన్నాడు. వెనకే కుర్చీ ఉంది.

“కూర్చో అన్నా,” అన్నాను. ఇన్నేళ్ళలో అతన్ని అలా పిలవడం అదే మొదలు.

అతను కుర్చీ వంక చూశాడు, నా వంక చూశాడు.

“పర్వాలేదు మేడమ్,” అని చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.