సంత ముగిశాక కూటం పెట్టిన మా పొరుగింటి అప్ప

మాఘమాసంలో ఒక పొద్దున అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఒక కొండమనిషి మా వీధికి వచ్చింది. కొయ్యూరు పైన మేము ఎనిమిదేళ్లు కాపురమున్న ఊరి మనిషే. మోపు దించి, నేను బేరం మొదలుపెట్టకముందే, "పంతులమ్మా, అప్ప ఎలిపోనాది. మూడ్రోజులు సలిజొరం, నాలుగోనాడు నేదు" అంది.

పాఠకులకు నిజం చెప్పాలనే కూర్చున్నాను కాబట్టి ముందు ఇది చెప్పాలి. ఆ మాట వినగానే నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఇక ఆ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు అనుకున్నాను. ఆకులు కొని లోపలికి వచ్చి, నేను ఏమనుకున్నానో అప్పుడు తెలిసి, పొయ్యి ముందు కూలబడిపోయాను. దుఃఖం ఆ తర్వాత వచ్చింది, సిగ్గును వెంటబెట్టుకుని.

మా వారికి మన్యంలో బడిపంతులు ఉద్యోగం వేసినప్పుడు బంధువులంతా నన్ను చూసి జాలిపడ్డారు. జ్వరాల దేశమన్నారు, పులుల దేశమన్నారు. అక్కడి మనుషుల మాట ఎవరూ ఎత్తలేదు. మా కంచెకు అవతలి ఇల్లే అప్పది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మేము వెళ్లిన మర్నాడే కుండ నిండా ఊటనీళ్లు తెచ్చి గడప అవతల పెట్టి, ఏ కొండగెడ్డ నీళ్లు తాగొచ్చో, ఏవి తాగితే మంచం పడతామో చెప్పింది. ఆమె వెనక్కి తిరిగేదాకా ఆగి ఆ నీళ్లు పాదులో పారబోశాను. కుండ ఆనిన చోట పసుపునీళ్లు చల్లాను. ఆమె నన్ను పంతులమ్మా అనేది. నేను ఆమెను ఏమే అనేదాన్ని. ముసలివాళ్లతో సహా ఊరంతా అప్పా అని, అంటే అక్కా అని, పిలిచే మనిషిని.

ఆమె మా వాకిట్లోకి వచ్చే ముందు కంచె దగ్గర ఒకసారి దగ్గేది. నేను మడిలో ఉంటే సర్దుకుంటానని. మొదటి వానాకాలం నాకు మన్యం జ్వరం పట్టినప్పుడు మూడు పూటలా ఏదో చేదు బెరడు కాచి, ఆకుదొప్పలో పోసి గడప మీద పెట్టేది. అది మాత్రం పారబోయకుండా తాగాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నా మడి ఎటు పోయిందో నేను ఆలోచించలేదు. లేచి తిరగడం మొదలుపెట్టాక మళ్లీ ఏమే అన్నాను.

అలా ఉండగా పితూరీ వచ్చింది. సర్కారు రోడ్డు పనికి జనాన్ని కూలి లేకుండా తోలుకుపోవడం, అడవి నరికి పోడు సాగు చేసుకోనివ్వకపోవడం, ఇవన్నీ పోగుపడి కొండవాళ్లు తిరగబడ్డారు. ఒక తెల్లవారుజామున పెరట్లో నిలబడి నేను చూశాను. నలుగురు మనుషులు విల్లంబులతో అప్ప ఇంటి వెనక కూర్చుని అంబలి తాగుతున్నారు. అప్ప, ఆమె పెనిమిటి వాళ్లకు వడ్డిస్తున్నారు. తాగి, మూతులు తుడుచుకుని అడవిలోకి వెళ్లిపోయారు.

మూడో రోజున పోలీసులు వచ్చారు. మా వారు బడిలో ఉన్నారు. జమేదారు మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నన్ను బెదిరించలేదు. అమ్మా అన్నాడు. మీది ఏ ఊరమ్మా, మాదీ ఆ పక్కనే, ఈ అడవి మనుషుల మధ్య ఎలా ఉంటున్నారమ్మా అన్నాడు. ఎన్నాళ్లకో మనవాడొకడు పలకరించాడని నాకు సంబరమైంది. ఇక్కడ పితూరీదార్లకు తిండి పెట్టింది ఎవరని అడిగాడు. నాకు తెలియదంటే లేచి వెళ్లిపోయేవాడు. నేను కంచె అవతలికి వేలు చూపించాను.

ఆమె గాదె తగలబెట్టారు. పెనిమిటిని కట్టి తీసుకుపోయారు. ఎనిమిది నెలల తర్వాత తిరిగి వచ్చాడు. కుడిచెయ్యి పైకి లేచేది కాదు. మరుసటి వానల్లో చనిపోయాడు. నేను మా వారితో కూడా నోరు విప్పలేదు.

పితూరీ అణిగినా కొండవాళ్లకూ పల్లపు వాళ్లకూ మధ్య మాట లేకుండా పోయింది. బడికి పిల్లలు రావడం మానేశారు. సంతలో సరుకు మారేది గానీ ముఖాలు తిప్పుకునేవారు. అప్పుడు అప్ప ఒక పని చేసింది. సంత ముగిశాక, కావిళ్లు కట్టేవాళ్లను ఆపి, పనసచెట్టు కింద చోటు తానే ఊడ్చి, కాసేపు కూర్చోమంది. మొదటి వారం ముగ్గురు కూర్చున్నారు. మా వారు అందులో ఒకరు. కొన్ని నెలలకు నలభై మంది దాకా అయ్యారు, కొండవాళ్లూ పల్లపు వాళ్లూ.

అక్కడ ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఎదుటివాడు ఏం చేశాడో ఎవరూ చెప్పకూడదు. తాను చేసింది చెప్పాలి. విన్నవాళ్లు ఎదురు మాట్లాడకూడదు. ఎవరైనా అవతలి వాడి మీదికి వెళ్లబోతే, "ఎదుటోడి తప్పు సంతలో దొరుకుతాది. మన తప్పు మనింట్లో ఎతుక్కోవాల" అనేది. ఫారెస్టు గార్డు ఒకడు, నెలలు నిండిన ఆడమనిషి చేత రాళ్లు మోయించానని చెప్పి తల ఎత్తలేకపోయాడు. ఒక కొండవాడు, తనకు ఏ అపకారమూ చెయ్యని ఉప్పువర్తకుడి కొట్టుకు నిప్పు పెట్టానన్నాడు. ఆ వర్తకుడు ఎదురుగానే ఉన్నాడు. చివరికి అప్ప అంబలి కుండ దింపి అందరికీ దొప్పల్లో పోసింది.

నేను కూటానికి వెళ్లిన మొదటిరోజు దొప్ప పట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుని చెట్టు వెనక ఒంపేశాను. తరువాతి వారం అప్ప నా దొప్పలో సగమే పోసి, నాకు మాత్రమే వినబడేలా, తాగగలిగినంతే తాగు పంతులమ్మా అంది. ఆ సగం తాగాను. ఆ రోజే ఆమెను మొదటిసారి అప్పా అని పిలిచాను.

నా వంతు వచ్చినప్పుడు నేను కుండనీళ్లు పారబోసిన సంగతి చెప్పాను. పసుపునీళ్లు చల్లిన సంగతి, ఏమే అన్న సంగతి చెప్పాను. ఏడ్చాను కూడా. కొండ ఆడవాళ్లు కొందరు నన్ను చూసి కళ్లు తుడుచుకున్నారు. పెద్ద తప్పును దాచుకోవడానికి చిన్న తప్పును ముందుకు తోశానని వాళ్లకేం తెలుసు? అప్ప అంతా విని, "ఇంకేటైనా ఉన్నాదా?" అని అడిగింది. లేదన్నాను. రెండేళ్లలో ఆ మాట ఆమె నన్ను చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ లేదన్నాను.

మా వారికి పల్లానికి బదిలీ అయింది. బండి కట్టే ముందు రోజుల్లో చెప్పిపోదామని ఆమె ఇంటికి వెళ్లాను. చేటలో చోళ్లు చెరుగుతోంది. ఆమె ముఖం చూసేసరికి ఇక ఆగలేకపోయాను. అప్పా, ఆ రోజు జమేదారుకి, అని మొదలుపెట్టాను. ఆమె చేట ఆపలేదు.

"నాకు తెలుసు. తడిక సందులోంచి నీ ఏలు సూసినాను."

మరి ఇన్నాళ్లూ ఎందుకు అనలేదని అడిగాను.

"ఆ రోజుల్లో నీ పేరు సెప్తే నా కొడుకు గొడ్డలట్టుకుని నీ ఇంటికొచ్చీవోడు. నా తమ్ముడు సెప్పీసినాడని ఆడి అనుమానం. కాదన్నాను, నమ్మలేదు. తమ్ముణ్ణి కాసుకుంతన్నానన్నాడు. మేనమావతో మాట నేదు, ఆ ఇంటి నీళ్లు ముట్టడు."

చేట కింద పెట్టి నా వైపు చూసింది. "నాకు సెప్పకు పంతులమ్మా. కూటంలో సెప్పు, ఆడు ఇనాల. మింగిన మాట జొరం లాటిది. లోపల్లోపలే కాల్సేత్తాది."

వచ్చే సంతకు తప్పకుండా చెబుతానన్నాను. సంతకు రెండు రోజుల ముందే బండి కట్టించాను. మా వారు ఇంత తొందరేమిటన్నారు. వానలు దిగితే ఘాటీ దిగడం కష్టమన్నాను. ఆమె తమ్ముడు మా సామాను మోసి బండిలో పెట్టాడు.

ఆకుల మనిషి కబురు తెచ్చిన రోజు మా వారికి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, ఎప్పుడు బయల్దేరుదాం అని మాత్రం అడిగారు.

వచ్చిన సంతకే కొండ ఎక్కాం. అప్ప పోయినా కూటం ఆగలేదు. ఆ చోటును ఆమె కోడలు ఊడుస్తోంది. నేను లేచి నిలబడి, వేలు చూపించింది నేనేనని చెప్పాను. ఎవరూ నన్ను బెదిరించలేదని, భయపడి చెప్పలేదని, మనవాడు అమ్మా అన్నాడన్న మురిపెంతో చెప్పానని అన్నాను. అప్ప తమ్ముడు ఏ పాపమూ ఎరగడని, నేను పారిపోతుంటే నా సామాను మోశాడని అన్నాను. ఆ తమ్ముడు ఒక పక్కన కూర్చుని నేల చూస్తున్నాడు. అప్ప కొడుకు నా ముఖంలోకి కాసేపు చూశాడు. నన్ను తిట్టలేదు. క్షమించానని అనలేదు. లేచి నా ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు. అతను నన్ను క్షమించాలని ఈ వ్యాసం రాయడం లేదు. అప్ప బతికుండగా వినవలసిన మాటను ఆమె లేనప్పుడు చెప్పినదాన్ని, అంతే.

మర్నాడు తిరిగి వస్తుంటే బండివాడు ఎద్దులకు నీళ్లు పెట్టడానికి మలుపు దగ్గర ఆపాడు. ఎదురు కొండ మీద ఒక ఇంటి కప్పు విప్పి ఉంది. పైన వాసం మీద అప్ప తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కింద నుంచి మేనల్లుడు గడ్డికట్టలు ఒక్కొక్కటే అందిస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఒకడు చెయ్యి చాపితే ఇంకొకడు అందిస్తున్నాడు. బండి కదిలి చెట్లు అడ్డం వచ్చేదాకా వాళ్లనే చూస్తూ ఉన్నాను.